దారిలో దొరికిన డబ్బుసంచి

వనస్థలిపురము ప్రక్కనే కృష్ణజింకలు తిరుగాడు అడవి యొకటి కలదు. వర్ధమాన మహావీరుని నిర్వాణమునకు 2500 ఏండ్లు నిండిన సందర్భమున, 1975లో, దానికి మహావీర్ హరిణ వనస్థలి యని పేరిడిరి. మేము నేడు ముచ్చటింపబూనినది ఆ తీర్థంకరుని పేరే ధరించిన మరియొక జైనుని గూర్చి. ఆయన మహావీరాచార్యుడను గణితవేత్త. రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, సుమారు క్రీ.శ. 850లో, సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను.

అందలి లెక్క యొకటి వినుడు. ముగ్గురు వర్తకులకు దారిలో డబ్బుసంచి కనబడినది. అది తనకు దక్కినచో తక్కిన యిద్దరి సొమ్మునకు రెట్టింపు తనకుండునని మొదటివాడు, మూడు రెట్లుండునని రెండవవాడు, ఐదు రెట్లని మూడవవాడు అనిరి. ఎవరియొద్ద నెంత? సంచిలో నెంత?

వారియొద్ద వరుసగా 1, 3, 5, సంచిలో 15 అనుకొందము. 15, 1 కలిసి 16. తక్కిన యిద్దరివి 8. సరిపోయినది. మిగిలిన రెండును శ్రోతలే సరిచూచుకొనగలరు. ఇచ్చట సుద్దముక్క క్రింద పెట్టిన ఉపాధ్యాయుడు పాఠములోని మేలిభాగమును జారవిడిచినవాడే. 2, 6, 10, 30 కూడ సరిపోవును గదా! ఒక లెక్కకు ఇన్ని జవాబులా యని పిల్లవాడు తెల్లబోవును. మాడలలో ఎంచినను రూపాయలలో ఎంచినను మారనిది వాటి నిష్పత్తి యొక్కటే యని, కొంత తడవుకు తానే కనుగొనును. ఆ తడవు నిచ్చుటయే గురువు చేయవలసిన పని.

మహావీరుని గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన 11వ శతాబ్దివాడని పలువురి మతము. మక్కికి మక్కి దింపలేదు. జైనస్తుతులకు మారుగా శివస్తుతి చేసెను, కొన్ని లెక్కలు విడిచి, కొన్ని తానుగా చేర్చెను. మాకు ఆయనయందు గౌరవము కలిగించునది ఈ స్వతంత్రతయే. పద్యమేల యందురా? అచ్చుపుస్తకము లేనినాడు లెక్క నోటనే నిలువవలెను. వల్లెవేయుటను మేము నిందింపము. ఎక్కము రానివానికి లెక్క నడవదు. కాని తరువాతి వీథిబడులలో ఎక్కము నిలిచి, ప్రశ్న వెనుకబడినది.

హంగరీలో పుట్టిన జార్జి పోల్యా 1945లో అమెరికాలో ప్రకటించిన పుస్తకమున, సమస్యను సాధించుటకు నాలుగు మెట్లు చెప్పెను: సమస్యను తెలిసికొనుట, ఉపాయము పన్నుట, దానిని నడపుట, వెనుదిరిగి చూచుట. మన బడులలో చాలవరకు లోపించునది నాలుగవది. బాలుని ఆలోచనను గణితమార్గమున పెంచుటయే ముఖ్యమని 2005 జాతీయ విద్యాప్రణాళికయు పలికినది. అయినను, వనస్థలిపురము నుండి బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ చేరిన బాలునికి అచ్చటి కోచింగ్ సెంటర్లలో మొదట నేర్పునది జవాబు వేగముగా గుర్తించు కిటుకు.

సంచి లెక్కకు పరికరము లేవియు నక్కరలేదు. రెండవ వర్తకుడు మూడు రెట్లనుటకు మారుగా నాలుగు రెట్లనెనని మార్చి చూడుడు: 1, 9, 11, సంచిలో 39 వచ్చును. ముగ్గురును రెట్టింపనియే అనినచో ఏమగునో, ఆరవ తరగతి పిల్లలనే అడిగి చూడవచ్చును.