మాకు రెండు 1992లున్నాయి

1992 అనగానే అందరూ మాకు డిసెంబరు 6నే గుర్తు చేస్తారు. మిత్రులు సానుభూతితో, గిట్టనివాళ్లు కసితో. బాబ్రీ మజీదు కూలిన తర్వాత మా పేర్లు మాకే బరువయ్యాయి. కాదనం. కానీ ఆ ఏడాదికి అంతకుముందు పదకొండు నెలలున్నాయి. ఆ నెలల్లో ఊరూరా ఆడవాళ్లు ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ చరిత్రలో మా వాటా సంగతి ఎవరూ ఎత్తరు. ఇప్పుడు మేం ఎత్తుతున్నాం.

2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు, కడప జిల్లాల్లో నూటికి పదహారు మంది దాకా ముస్లింలే. మమ్మల్ని చూసి నవాబుల వారసులనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కర్నూలు నవాబును కంపెనీవాళ్లు 1839లోనే దించేశారు. మిగిలింది మేం. దూది ఏకినవాళ్లం, బేతంచెర్లలో నాపరాయి కోసినవాళ్లం, జట్కాలు తోలినవాళ్లం. వాన రాకపోతే పక్కింటి బోయవాళ్లతో పాటే మూటాముల్లె కట్టినవాళ్లం.

1991 జూలైలో కేంద్రం కొత్త ఆర్థిక విధానం తెచ్చింది. రూపాయి విలువ తగ్గింది, ఎరువుల ధర పెరిగింది. ఆ విధానం తెచ్చిన పి.వి. నరసింహారావు అదే ఏడాది నవంబరులో మా నంద్యాల నుంచే ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆ ఓట్లలో మావీ ఉన్నాయి. రాష్ట్రంలో రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర అయింది. సారా మాత్రం 'వారుణి వాహిని' పేరుతో గుడిసె గుమ్మం దాకా నడిచి వచ్చింది. 1991-92లో ఎక్సైజు రాబడి ఎనిమిది వందల కోట్లు దాటింది. ఆ కోట్లు ఎవరివి? కూలివాడి పగటి కష్టం. ఖర్చు తగ్గించాలంటే పేదింటి బియ్యం కనబడింది, రాబడి పెంచాలంటే పేదింటి మగవాడు కనబడ్డాడు. పొదుపు అంటే ఇదేనా?

జవాబు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వచ్చింది. అక్షరాస్యతా తరగతుల్లో పలకా బలపం పట్టిన ఆడవాళ్లు ముందు తమ ఊళ్లో సారా అంగడి మూయించారు. తర్వాత జిల్లా కేంద్రంలో సారా పాటలకు అడ్డం నిలబడ్డారు. పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. ఆ మంట రాయలసీమకూ పాకింది. దాన్ని ఏ పార్టీ పుట్టించలేదు. పార్టీలు తర్వాత వచ్చాయి. ఊరి ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని నిర్ణయం చేసేవాళ్లు, ఆ నిర్ణయాన్ని తామే అమలు చేసేవాళ్లు. అమ్మినవాడికి జరిమానా వేశారు, తాగినవాడికి గుండు గీశారు. అందులో మొరటుతనం లేదని అనం. కానీ ఓటేసి అయిదేళ్లు ఎదురుచూడకుండా, తమ ఊరి సంగతి తామే తేల్చుకోవడం ఆ ఆడవాళ్లు చేసి చూపించారు. సీమలో ఇది ఇంకా కష్టం. ఇక్కడ సారా కాంట్రాక్టూ ఫ్యాక్షనూ ఒకే కంచంలో తిన్నాయి. పాటదారును ఎదిరించడమంటే బాంబులున్న ఇంటిని ఎదిరించడమే.

మరి మావాళ్లెక్కడ? ఆ ఉద్యమం గురించి రాసినవాళ్లు దళిత స్త్రీలు, బీసీ స్త్రీలు అని రాశారు. దూదేకులవాళ్లూ బీసీలే కదా! హుసేనమ్మ అనే పేరు మా ఇంట్లోనూ ఉంటుంది, బోయ ఇంట్లోనూ ఉంటుంది. పీర్ల పండగ నాడు మొక్కుకుని పుట్టిన బిడ్డకు ఆ పేరే పెడతారు. పేరు చూసి మమ్మల్ని వేరు చేయలేని నేల ఇది. డిసెంబరు 6 వేరు చేసింది.

తప్పంతా బయటివాళ్లదే అనడం మాకిష్టం లేదు. సారా హరాం అని జుమ్మా బయానులో చెప్పారు. చెప్పి ఊరుకున్నారు. మాలో తాగేవాళ్లే లేరని జమాత్ పెద్దలు పరువు కాపాడుకున్నారు. తాగొచ్చిన మొగుడి చేతి దెబ్బ తిన్న మా ఆడమనిషికి ఆ మాట ఏం చేస్తుంది? రచ్చకట్ట మీద పక్కింటామె నోరు విప్పింది. జమాత్‌లో మా ఆడమనిషికి కూర్చునే చోటే లేదు.

ఉద్యమం గెలిచింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరులో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మా కర్నూలువారే. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, అంతకుముందే బియ్యం మళ్లీ రెండు రూపాయలైంది. ఎంతకాలం? 1996లో కొత్త ముఖ్యమంత్రి చంద్రబాబు ఖజానా ఖాళీ అన్నారు. బియ్యం మళ్లీ పెరిగింది. 1997లో నిషేధం పోయింది. 1998లో ప్రపంచబ్యాంకు అప్పు వచ్చింది. 2000లో కరెంటు చార్జీలు పెంచితే జనం వీధికెక్కారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు తుపాకులు పేలాయి.

ఇది మొదటిసారి కాదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు, 1954 నవంబరులో, ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 2019లో కడప జిల్లా ముఖ్యమంత్రి దశలవారీ నిషేధం అని చెప్పి ప్రభుత్వ దుకాణాలు తెరిచారు. 2024లో ప్రభుత్వం మారింది, దుకాణాలు ప్రైవేటువాళ్ల చేతికి పోయాయి. నిషేధం అన్న మాట ఓట్లప్పుడు వస్తుంది, బడ్జెట్టప్పుడు పోతుంది. చెట్టు కింద తేల్చినదాన్ని శాసనసభ ఇలా వెనక్కి తీసుకుంటూనే ఉంది.

అందుకే మా అస్తిత్వాన్ని మజీదు గోడల మధ్య మాత్రమే వెతకొద్దంటున్నాం. కూలిన మజీదు మాదే. పెరిగిన బియ్యం ధరా మాదే. కూలిన గోడ గురించి అడిగేటప్పుడు ముస్లింలుగా నిలబడతాం, సిగ్గుపడం. బియ్యం గురించి అడిగేటప్పుడు కూడా ముస్లింలుగానే, పక్కింటి బోయామె పక్కనే నిలబడతాం. ఆ పోరాటాల చరిత్ర రాసేవాళ్లు మా హుసేనమ్మలనూ అందులో చేర్చాలి. మా జమాత్‌లు ముందుగా వాళ్లకు చాప పరచాలి.