ముందు పులుపు, తర్వాత కారం

నాయుడుపేట పక్కనే స్వర్ణముఖి పారుతుంది. ఊరి చుట్టూ చెరువులు. తూర్పున వాకాడు దాటితే సముద్రం, దక్షిణాన సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు. మంచినీటి బొచ్చె, కొరమీను ఒకవైపు. ఉప్పునీటి వంజరం, రొయ్యలు, ఎండ్రకాయలు ఇంకోవైపు. ఇన్నిటినీ ఒకే దాకలోకి తేగలిగింది పులుసు ఒక్కటే. 2022 ఏప్రిల్‌లో ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది గానీ, పులుసు మాత్రం నెల్లూరు పేరు వదల్లేదు.

నలుగురు చేరితే ఇక్కడ వేపుడు కంటే పులుసుకే మొగ్గు. వేపుడుకు ముక్కల లెక్క తప్పదు, పొయ్యి దగ్గర ఒకరు నిలబడి తీరాలి. పులుసు అలా కాదు. ముక్క ఒకటే దక్కినా అన్నం కడుపునిండా కలుస్తుంది. పైగా ముందురోజు సాయంత్రమే దించేసుకోవచ్చు. రాత్రంతా ఉప్పు, పులుపు, కారం ముక్కలోకి దిగి, మర్నాటికి రుచి ఇంకా కుదురుతుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఈ సదుపాయం చింతపండు చలవే. పులుపు చేప చెడిపోవడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. నీచువాసనకు కారణమైన పదార్థాలను కూడా అణిచేస్తుంది.

ఈ పులుసును తాతల నాటి వంట అంటాం. ఏ తాతల నాటిది అన్నదే ప్రశ్న.

కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన ‘మానసోల్లాసం’లో చేపల వంట ప్రస్తావన ఉంది. ముక్కలు కోసి, బాగా కడిగి, చింతపండు రసంతో ఉడికించే పద్ధతి అది. ఘాటుకు మిరియాల పొడి. మిరపకాయ అందులో లేదు, ఉండే వీలూ లేదు. అది అమెరికా ఖండాల మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో మన దేశానికి వచ్చింది. అంటే మన దాకలో పులుపు పాతకాపు, కారం కొత్తకాపు. ఎర్రగా తేలే నూనె, కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు లేని నెల్లూరు పులుసును నేడు ఊహించలేం. అయినా ఆ ఎరుపు వయసు ఐదు వందల ఏళ్లు దాటదు. టమాటా అంతకంటే కొత్తది.

ఆ ఓడల రాకపోకలు నాయుడుపేటకు దూరమేమీ కాదు. పులికాట్‌లో మొదట పోర్చుగీసు వర్తకులు, తర్వాత డచ్చివాళ్లు దిగారు. 1613లో డచ్చివాళ్లు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఇంగ్లిషు కంపెనీ 1626లో వాకాడు దగ్గరి దుగరాజపట్నంలో స్థావరం పెట్టింది. వాళ్ల రాతల్లో దాని పేరు ఆర్మగాన్. బట్టల వ్యాపారం అక్కడ ఆశించినంతగా సాగలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ వెళ్లి 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. దుగరాజపట్నం మళ్లీ చేపల ఊరైంది.

చిత్రమేమిటంటే, రెండు శతాబ్దాల తర్వాత ఇంకో ఫ్రాన్సిస్ డే ఈ కథలోకి వస్తాడు. ఈయన మద్రాసు సైన్యంలో వైద్యుడు, చేపల శాస్త్రజ్ఞుడు. 1870లలో భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. సముద్ర చేపల వృత్తిపై సర్కారుకిచ్చిన నివేదికలో ఉప్పు పన్ను జాలరిని ఎలా దెబ్బతీస్తోందో ఎత్తిచూపాడు. పట్టిన చేప ఆ పూటే అమ్ముడవకపోతే ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. ఆ ఉప్పే అందనంత ప్రియం. 19వ శతాబ్దం చివరి పాదంలో మద్రాసు సర్కారు తీరం వెంట చేపలు ఉప్పుపట్టే యార్డులు తెరిచి, పన్ను లేని ఉప్పు ఇచ్చింది.

తర్వాతి మలుపు చెరువుల్లో వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్య పరుగు. 1994 నుంచి తెల్లమచ్చ వైరస్ ఆ గుంటలను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుకు కళ్లెం వేసింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి రావడంతో సాగు మళ్లీ ఊపందుకుంది. వనామి పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. మిరప వచ్చిన వైపు నుంచే, నాలుగు వందల ఏళ్లకు పైగా తేడాతో, రొయ్య కూడా వచ్చి అదే దాకలో చేరిందన్నమాట.

దినుసులు ఇన్ని మారినా మారనిది వండే వరస. యాభై మందికి పది కిలోల చేప అనుకుంటే, ముప్పావు కిలో చింతపండు, నాలుగైదు పుల్లమామిడికాయలు సరిపోతాయి. మామిడి పులుపు ఎక్కువైతే చింతపండు తగ్గించాలి. ముక్కలను రాళ్లుప్పు, పసుపుతో రుద్ది కడగాలి. నువ్వుల నూనెలో ఆవాలు, మెంతులు, ఉల్లిపాయలు వేగాక చింతపండు పులుసు పోసి, కారం, ధనియాల పొడి వేసి బాగా మరగనివ్వాలి. పులుసు చిక్కబడకముందే ముక్క వేస్తే అది చిదికిపోతుంది. చేప కండ త్వరగా ఉడికే రకం. ఎండ్రకాయలూ కలిపితే అవి ముందు, పావుగంట. తర్వాత చేప, మామిడి, పది నిమిషాలు. చివర్లో రొయ్యలు, అయిదు నిమిషాలు. గరిటె పెట్టకూడదు. చిన్న దాకైతే గుడ్డతో అంచులు పట్టుకుని కుదిపితే చాలు, పెద్ద అండాకు ఇద్దరు కావాలి. ఇత్తడి గుండిగ అయితే కళాయి పూత తప్పనిసరి, లేదంటే పులుపుకు గిన్నె కిలుమెక్కి కూర పాడవుతుంది. మట్టిదాకకు ఆ బాధ లేదు.

అమెరికాలో లూసియానా వాళ్లూ జనం చేరితే పెద్ద గిన్నె పెడతారు. క్రాఫిష్, మొక్కజొన్న, బంగాళాదుంపలు మసాలా నీళ్లలో ఉడికించి, నీళ్లు వంపేసి, బల్ల మీద గుమ్మరించుకుంటారు. మనకు ఆ నీళ్లే కూర. తెలుగువాడి చేపల విందులో ముక్క పెద్దదా చిన్నదా అన్నది రెండో మాట. పులుసు అందరికీ సరిపోయిందా అన్నదే మొదటి మాట.

ఇన్ని దినుసులు బయటి నుంచి వచ్చి చేరాయి కాబట్టి, ‘అసలైన నెల్లూరు పులుసు’ మీద వాదనలు అక్కర్లేదు. టమాటా వేస్తే తప్పనేవారు మిరపకాయ కూడా తీసేయాల్సి ఉంటుంది. ఓడ మీద వచ్చినదాన్నీ, చెరువులో పెరిగినదాన్నీ కలుపుకుపోవడమే ఈ వంట సంప్రదాయం. రేపు ఇంకేది వచ్చినా ముందు చింతపండు నానబెట్టాల్సిందే.