రేడియేటర్ మార్పిడి, వాల్వుల ఎంపిక

బ్రిటన్ వంటి చలిదేశాల ఇళ్లలో బాయిలర్‌లో కాగిన నీటితో గదిని వెచ్చబరిచే లోహపు పలక రేడియేటర్. తుప్పు పట్టి కారినా, అడుగున మడ్డి పేరుకుని వేడి తగ్గినా, గదికి దాని సామర్థ్యం చాలకపోయినా మారుస్తారు. కొత్తది గది అవసరానికి తగిన వాట్లు ఇవ్వాలి. వెడల్పు పాతదానితో సమానమైతే గొట్టాలను కదిలించే పని సాధారణంగా ఉండదు.

వాల్వులు: సాధారణంగా రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటాయి. ఒకటి చేతితో తిప్పేది లేదా థర్మోస్టాటిక్ రకం. రెండవది లాక్‌షీల్డ్, అన్ని రేడియేటర్లకూ నీరు సమంగా అందేలా దాన్ని ఒకసారి సరిచేసి వదిలేస్తారు. థర్మోస్టాటిక్ వాల్వు తలలోని మైనం, ద్రవం లేదా వాయువు వేడికి వ్యాకోచించి పిన్నును నొక్కి ప్రవాహాన్ని తగ్గిస్తుంది. డెన్మార్క్‌లోని డాన్‌ఫాస్ సంస్థ స్థాపకుడు మాడ్స్ క్లౌసెన్ దీన్ని 1943లో రూపొందించాడు.

ఎంపిక: గొట్టం నేల నుంచి నిలువుగా వస్తే మూల వాల్వు, పలకకు సమాంతరంగా వస్తే తిన్నని వాల్వు సరిపోతాయి. బ్రిటన్‌లో 15 మి.మీ. రాగి గొట్టం మామూలు. కొన్ని ఇళ్లలో 8, 10 మి.మీ. సన్నగొట్టాలు ఉంటాయి. ఇంటి ప్రధాన థర్మోస్టాట్ ఉన్న గదిలో థర్మోస్టాటిక్ వాల్వు పెట్టరు. రెండు నియంత్రణలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

మార్పిడి: బాయిలర్ ఆపి, నీరు చల్లారాక రెండు వాల్వులూ మూస్తారు. లాక్‌షీల్డ్ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుంటే తర్వాత అదే స్థితికి తేవచ్చు. పలకలోని నీటిని వంపి దించుతారు. వాల్వులు కూడా మార్చాలంటే గొట్టాల్లోని నీటినీ ఖాళీ చేయాలి. బిగింపు తర్వాత నీరు నింపి, గాలి తీసి, తుప్పు నిరోధక రసాయనం కలిపి, కీళ్ల వద్ద కారడం లేదని చూస్తారు.