పాత ఉత్తరంపై స్టాంపు కత్తిరిస్తున్నారా? ముందు దాని మీది ముద్ర చూడండి

ఇల్లు సర్దుతుంటే తాతగారి కాలం నాటి ఉత్తరాల కట్ట దొరికిందనుకోండి. స్టాంపులు మాత్రం కత్తిరించుకుని కవర్లు పారేస్తాం చాలామందిమి. కానీ ఆ ఉత్తరం ఎక్కడి నుంచి, ఎప్పుడు బయల్దేరిందో చెప్పేది స్టాంపు కాదు, దాని మీద పడిన నల్లటి ముద్ర. తొలినాళ్లలో ఈ ముద్రలు చిత్రవిచిత్రమైన రూపాల్లో ఉండేవి. ఎందుకో చూద్దాం.

అసలు ముద్ర ఎందుకు?

ఒకసారి వాడిన స్టాంపును మళ్లీ వాడకుండా ఆపడానికి. ప్రపంచంలో తొలి తపాలా స్టాంపు పెన్నీ బ్లాక్ 1840 మే నెలలో బ్రిటన్‌లో వచ్చింది. దానిపై నాలుగు రేకుల పువ్వులా కనిపించే 'మాల్టీస్ క్రాస్' ముద్రను ఎర్ర సిరాతో వేసేవారు. అయితే ఎర్ర సిరాను తుడిచేసి స్టాంపును మళ్లీ అంటించే వీలుందని తేలింది. దాంతో 1841లో రంగులు తారుమారు చేశారు. స్టాంపు ఎరుపుగా, ముద్ర నలుపుగా మారాయి. ఈ ముద్రలు చేత్తో తయారైనవి కాబట్టి కొన్ని ఊళ్ల క్రాస్ ఆకారాన్ని బట్టే ఊరిని గుర్తుపట్టవచ్చు. 1844 నుంచి వీటి స్థానంలో పోస్టాఫీసు నంబరుతో ముద్రలు వచ్చాయి.

కోడి బొమ్మ ముద్ర కథేంటి?

అమెరికాలో చాలా పోస్టాఫీసులు ముద్రలను సొంతంగా తయారు చేసుకునేవి. సీసాకు పెట్టే కార్కు బిరడా తీసుకుని, కత్తితో బొమ్మ చెక్కి, సిరాలో అద్ది కొట్టేవారు. కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీ పోస్టాఫీసులో పనిచేసిన జాన్ హిల్ ఇందులో దిట్ట. 1869లో ఆయన చెక్కిన 'పరుగెత్తే కోడి' ముద్ర కోసం సేకర్తలు నేటికీ పోటీపడతారు. కార్కు త్వరగా అరిగిపోతుంది. అందుకే ఇలాంటి బొమ్మలు కొద్దిరోజులే వాడుకలో ఉండేవి, కొద్ది కవర్లపైనే మిగిలాయి.

ముద్రే లేకుండా రద్దు చేసిన దేశం కూడా ఉంది. 1871లో స్టాంపులు మొదలుపెట్టిన అఫ్ఘానిస్తాన్‌లో స్టాంపు నుంచి ఒక ముక్క చింపేసేవారు. ఆ తొలి స్టాంపులు చిరిగి కనిపిస్తే పాడైపోయాయని కాదు, ఉత్తరంపై వాడారని అర్థం.

మన దేశంలో?

1854 అక్టోబరు 1న దేశమంతటికీ చెల్లే స్టాంపులు వచ్చాయి. తొలుత చుక్కలతో కూర్చిన డైమండు ఆకారపు ముద్ర, తర్వాత పోస్టాఫీసు నంబరుతో ముద్రలు వేశారు. అప్పట్లో సింగపూర్‌లోనూ భారత స్టాంపులే చెల్లేవి. అక్కడి ముద్ర 'బి 172'. ఆ గుర్తు లేకపోతే ఆ స్టాంపు సముద్రం దాటిందని ఎవరికీ తెలియదు.

మీ దగ్గర పాత కవర్లుంటే ఏం చేయాలి?

• స్టాంపు కత్తిరించకండి, నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. ముద్రలో సగం కవరు మీదే ఉంటుంది. చాలాసార్లు చేరిన ఊరి ముద్ర కవరు వెనుక ఉంటుంది.
• టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి.
• రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీసి, తేమ తగలని చోట భద్రపరచండి.
• పాతదల్లా ఖరీదైనది కాదు. అమ్మేముందు పెద్ద పోస్టాఫీసుల్లోని ఫిలాటెలీ విభాగంలో, లేదా సేకర్తల సంఘంలో అడగండి.

బొమ్మల ముద్రలు ఇప్పుడూ ఉన్నాయా?

ఉన్నాయి. పర్యాటక, చారిత్రక ప్రాంతాల్లోని కొన్ని పోస్టాఫీసుల్లో అక్కడి విశేషం బొమ్మతో శాశ్వత చిత్ర ముద్ర ఉంటుంది. కార్డుపై తగిన స్టాంపు అంటించి కౌంటరులో అడిగితే వేస్తారు.

ఇది మరవకండి

మీకొచ్చిన కవరుపై స్టాంపుకు ముద్ర పడకపోయినా, దాన్ని ఊడదీసి మళ్లీ వాడకూడదు. వాడిన స్టాంపు అని తెలిసీ మళ్లీ వాడితే భారతీయ న్యాయ సంహిత ప్రకారం రెండేళ్ల వరకు, మోసపూరితంగా ముద్రను చెరిపేస్తే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. 1840లో ఎర్ర సిరాతో మొదలైన జాగ్రత్త నేటికీ కొనసాగుతోంది.