పొలం ఒకటి, హక్కులు రెండు: చైనా భూచట్టం వెలుగులో కోనసీమ కౌలు

వశిష్ఠ గోదావరి ఒడ్డున, మలికిపురం మండలంలో ఉన్న ఊరు దిండి. ఇక్కడైనా, కోనసీమలో మరెక్కడైనా ‘పొలం ఎవరిది?’ అంటే ఒక పేరు, ‘చేసేదెవరు?’ అంటే ఇంకో పేరు వినబడడం మామూలే. పట్టాదారు పాసుపుస్తకంలో మొదటి పేరే ఉంటుంది. ఎకరానికి మక్తా ఎన్ని బస్తాలన్నది గట్టుమీద నోటిమాటగా తేలిపోతుంది. పంట మునిగిననాడు ఆ రెండో మనిషి చేతిలో చూపించడానికి కాగితం ముక్క ఉండదు. ఆ మనిషిని చట్టం ఎలా గుర్తించాలన్నదే ఈ వ్యాసంలో చర్చ.

ఈ చిక్కు చైనాకూ పాతదే. మింగ్, చింగ్ వంశాల కాలంలో ఫూజియాన్, జియాంగ్నాన్ ప్రాంతాల్లో ‘ఒక పొలానికి ఇద్దరు యజమానులు’ అనే ఆచారం ఉండేది. నేల అడుగు హక్కు ఒకరిది, పైపొర హక్కు సాగుదారుది. ఆ పైహక్కును అతడు అమ్ముకోగలడు, పిల్లలకు ఇవ్వగలడు.

1950 నాటి భూసంస్కరణ చట్టం భూస్వాముల భూమిని రైతులకు పంచింది. 1958 నాటికి కమ్యూన్లు వచ్చి సాగు ఉమ్మడి అయింది. 1978 చివర అన్హుయి రాష్ట్రంలోని షియావోగాంగ్ గ్రామంలో 18 కుటుంబాలవారు పొలాన్ని ఇంటింటికీ పంచుకుంటూ రహస్యంగా ఒక కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. ఆ పద్ధతి దేశమంతా పాకాకే శాసనాలు వచ్చాయి. 2002 చట్టం సాగుభూమిపై కుటుంబాలకు 30 ఏళ్ల ఒప్పంద హక్కు ఇచ్చింది. 2018 సవరణ యాజమాన్యం, ఒప్పంద హక్కు, నిర్వహణ హక్కు అని మూడింటిని విడదీసింది. 2021 జనవరి 1న అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ ఈ అమరికను నిలబెట్టింది. పొలాన్ని వేరొకరికి సాగుకిచ్చినా కుటుంబం ఒప్పంద హక్కు పోదు.

మన దగ్గర వరస తిరగబడింది: చట్టమే ముందు వచ్చింది. 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం కౌలు రాతపూర్వకంగా, కనీసం 6 ఏళ్లు ఉండాలంది. ఉద్దేశం మంచిదే. కానీ రాసిస్తే భూమి చేజారుతుందన్న భయంతో యజమానులు కాగితమే మానేశారు. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన 2011లోనే అధీకృత సాగుదారుల చట్టం వచ్చి, కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంతో యజమాని భయం పోగొట్టాలని చూసింది. అయితే ఆ ఒప్పందానికి యజమాని సంతకం కావాలి. సంతకం దొరకని కౌలురైతుకు ఈ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు లేదు.

చైనాను యథాతథంగా తెచ్చుకోలేం. అక్కడ పల్లె భూమి సమష్టి ఆస్తి, రైతు దాన్ని అమ్ముకోలేడు. కౌలుకు తీసుకున్నవాడు నిర్వహణ హక్కును బ్యాంకుకు తాకట్టు పెట్టాలంటే అక్కడా అసలు హక్కుదారు రాతపూర్వక అంగీకారం ఉండాలి. మనం నేర్చుకోవలసింది ఒక్కటే: భూమి ఎవరిదన్న ప్రశ్ననూ, పంట ఎవరిదన్న ప్రశ్ననూ చట్టం విడివిడిగా చూడాలి.

ఇందుకు సాధనం మన చేతిలోనే ఉంది. పొలంలో ఏ పంట ఉందో, ఎవరు వేశారో ‘ఈ-పంట’ అనే ప్రభుత్వ రికార్డులో నమోదు చేస్తున్నాం. భూమిపై ఏ హక్కూ రాదని స్పష్టంగా రాసి, ఆ నమోదునే రుణానికీ పరిహారానికీ చాలిన రుజువుగా శాసనసభ గుర్తించాలి. పండించినవాడి పేరు రాయడానికి పట్టాదారు అనుమతి అడగడం న్యాయం కాదు.