బోరు ఎండిన ఇంట దేవుని సన్నిధి

కరువు ఏడాదిలో అనంతపురం ప్రాంతపు సంఘాల ఆరాధనలో ఒక సంగతి కనబడుతుంది. సాక్ష్యాల సమయంలో బోరులో నీళ్లు పడినవారు లేచి దేవుణ్ణి స్తుతిస్తారు. సంఘమంతా హల్లెలూయా అంటుంది. మూడు బోర్లు వేసి, మూడింటిలోనూ దుమ్ము తప్ప ఏమీ రానివారు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుంటారు. చెప్పుకోవడానికి తమకు సాక్ష్యం లేదని వారు అనుకుంటారు. సంఘం కూడా అలాగే అనుకుంటుంది. కొన్నాళ్లకు ఆ వెనుక వరుస ఖాళీ అవుతుంది.

నీళ్లు పడిన ఇంట్లోనే దేవుడు ఉన్నాడా? ఎండిన ఇంట్లో లేడా? ఈ ప్రశ్నను పైకి అడిగేవారు తక్కువ. లోపల మోసేవారు చాలామంది. లేఖనం దీనికి ఏమి జవాబిస్తుందో ఈ వారం చూద్దాం.

ఈ నేల ఎందుకు ఎండుతుంది?

ముందుగా ఒక భ్రమను తొలగించుకోవాలి. ఈ ప్రాంతం శాపగ్రస్తమైనదని, ఇక్కడి ప్రజల పాపంవల్లే వాన రాదని చెప్పే బోధ అక్కడక్కడ వినబడుతుంది. అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలమీద తమ నీటిని కురిపించి, ఇక్కడికి చేరేసరికి తేలికైపోతాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇంత దూరం వచ్చేలోపు బలహీనపడతాయి. అందుకే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా మాత్రమే వాన పడుతుంది. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అతి తక్కువ వానపడే జిల్లాగా దీనికి పేరుంది. 2022లో జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినా ఆకాశం మారలేదు.

ఆ కొద్దిపాటి వాన కూడా సమయానికి రాదు. ఎర్రనేలలో వేరుశనగ విత్తి, ఊడలు దిగే వేళకు ఒక్క పదును దొరకకపోతే పెట్టుబడి అంతా మట్టిపాలే. రైతు అప్పు చేసి బోరు వేస్తాడు. అది ఎండితే, పాత అప్పు తీర్చాలనే ఆశతోనే ఇంకొకటి వేస్తాడు. భూమి లేని కూలీల ఇంట కరువు ఇంకా ముందే అడుగుపెడుతుంది. పైరు లేకపోతే కలుపు లేదు, కోత లేదు, కూలి లేదు. మన సంఘాల్లో ఎక్కువమంది ఈ ఇళ్లవారే.

దేవుడు నీతిమంతులమీదా అనీతిమంతులమీదా వాన కురిపిస్తాడని ప్రభువు కొండమీద బోధించాడు (మత్తయి 5:45). అలాంటప్పుడు వాన కురవని పొలాన్ని చూసి దాని యజమాని పాపాన్ని లెక్కకట్టే అధికారం మనకెవరిచ్చారు? సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిదిమంది ఇతరులకంటె పాపులు కారని ఆయన తేల్చి చెప్పాడు (లూకా 13:4-5). పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు ఇలాంటి లెక్కే వేయబోతే దాన్ని త్రోసిపుచ్చాడు (యోహాను 9:1-3).

కరువులో పుట్టిన ప్రార్థన

కరువులో ఉన్నవారు మొదట తెరవవలసిన అధ్యాయం యిర్మీయా 14. అది యూదా దేశానికి వచ్చిన అనావృష్టి గురించినది. చదువుతుంటే మన మండలాల్లో ఏదో ఒక ఊరే కళ్లముందు కదులుతుంది. నీళ్లకోసం పంపిన పిల్లలు ఖాళీ కుండలతో తిరిగి వస్తారు. నేల నెర్రెలు విచ్చుతుంది. దున్నేవారు సిగ్గుతో తల కప్పుకుంటారు. గడ్డి లేక లేడి తన పిల్లను విడిచి వెళ్తుంది. అడవి గాడిదలు మెట్టలమీద నిలబడి గాలికోసం రొప్పుతాయి.

ఆ దేశంలో పాపం ఉన్న మాట నిజమే. కాని యిర్మీయా దాన్ని ఒప్పుకొన్న తీరు గమనించండి. వారి దోషం అని వేలు చూపలేదు, మా దోషం అన్నాడు. బాధలో ఉన్న పొరుగువాని పాపాన్ని వెదకేవారికి ఈ ప్రార్థనలో చోటు లేదు.

ఆ తరువాత ప్రవక్త దేవుణ్ణే నిలదీస్తాడు. ఒక్క రాత్రి బసచేసి తెల్లారి వెళ్లిపోయే బాటసారిలా ఎందుకున్నావని అడుగుతాడు. రక్షించలేని శూరునిలా ఎందుకున్నావంటాడు. అలా అడిగిన నోటితోనే, నీవు మా మధ్యనే ఉన్నావు, మమ్మును విడిచిపెట్టవద్దు అని వేడుకుంటాడు (14:8-9). దేవుడు లేడన్న బాధ, దేవుడు ఉన్నాడన్న నమ్మకం ఒకే ఊపిరిలో వచ్చాయి. వాన రాకముందే, వస్తుందన్న వాగ్దానమైనా దొరకకముందే ఆయన సన్నిధిని ఒప్పుకొన్నాడు. వెంటనే వచ్చిన జవాబు కూడా అతనికి అనుకూలంగా లేదు. అయినా అధ్యాయం ముగింపులో మళ్లీ ప్రార్థిస్తూ, నీకొరకే కనిపెట్టుకొని ఉన్నామంటాడు.

కనుక విలాపం అవిశ్వాసం కాదు. దేవుడు దగ్గర లేడనుకొన్నవాడు ఆయనతో పోట్లాడడు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తన చివరి మాట చీకటి. దానికి ఎవరూ సంతోషకరమైన ముగింపు అతికించలేదు. దేవుడు దాన్ని అలాగే తన గ్రంథంలో ఉండనిచ్చాడు.

దేవుడు పంపిన వాగే ఎండింది

ఏలీయాను కెరీతు వాగు దగ్గరకు పంపినది దేవుడే. అతడు మాట విని వెళ్లాడు. కాకులు ఆహారం తెచ్చాయి, వాగు నీళ్లిచ్చింది. కొంతకాలానికి దేశంలో వాన లేక ఆ వాగు ఎండిపోయింది (1 రాజులు 17:7). విధేయుడైన ప్రవక్త పక్కనున్న వాగు కూడా ఎండింది. బోరు ఎండిన విశ్వాసి ఈ ఒక్క వచనాన్ని గట్టిగా పట్టుకోవాలి. నీళ్లు ఆగిపోవడం దేవుడు వెళ్లిపోయాడనడానికి గుర్తు కాదు.

తరువాత దేవుడు అతన్ని ధనవంతుని ఇంటికి పంపలేదు. సీదోనులోని సారెపతు అనే ఊళ్లో, పట్టెడు పిండి, కొంచెం నూనె మాత్రమే మిగిలిన ఒక విధవరాలి ఇంటికి పంపాడు. ఆమె ఇశ్రాయేలీయురాలు కూడా కాదు. తానూ తన కుమారుడూ చివరిసారి తిని చనిపోవడానికి పుల్లలు ఏరుకొంటున్న వేళ దేవుని మనిషి ఆమె గుమ్మం ముందు నిలిచాడు. తొట్టి నిండిపోయిందని అక్కడ వ్రాయలేదు. పిండి తక్కువ కాలేదని మాత్రమే వ్రాయబడింది. కరువు ఇంట్లో దేవుని సన్నిధి తరచుగా ఈ కొలతలోనే వస్తుంది. గాదె నిండదు గాని రేపటి రొట్టె ఆగదు.

వలసపోయినవారి దేవుడు

కదిరి, కళ్యాణదుర్గం, మడకశిర వైపు పల్లెల్లో కరువంటే ఇంటికి తాళం. వయసులో ఉన్నవారు బెంగళూరుకు పనులకు వెళ్తారు, ముసలివారూ పిల్లలూ ఊళ్లో మిగులుతారు. రూతు గ్రంథం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. ఆ రొట్టెల ఇంట్లోనే కరువు వచ్చి ఎలీమెలెకు కుటుంబం మోయాబుకు వలసపోయింది. నయోమి అక్కడ భర్తనూ ఇద్దరు కుమారులనూ మట్టిలో కలిపి తిరిగి వచ్చింది. తనను మారా అని పిలవమంది, నిండుగా వెళ్లి రిక్తురాలనై వచ్చానంది.

ఊరి స్త్రీలెవరూ ఆమె విశ్వాసాన్ని తప్పుపట్టినట్టు వ్రాయబడలేదు. ఆమె ఆ మాట అంటున్నప్పుడు పక్కనే రూతు నిలబడి ఉంది. దేవుడు తన్ను విడిచాడని నయోమి అనుకొంటున్న ఆ గడియలోనే, విడిచిపెట్టని ఒక మనిషిని దేవుడు ఆమె పక్కన నిలబెట్టాడు. ఏడ్చే కళ్లకు అది అప్పుడు కనబడలేదు. దావీదు వంశం, దాని వెంట మెస్సీయ వంశం ఆ రూతు గుండానే వచ్చాయి.

సిలువ చెప్పే జవాబు

ఈ మాటలన్నీ సిలువ దగ్గర కలుస్తాయి. దేవుణ్ణి ఆయన మహిమలోనే వెదకేవారు ఆయనను కనుగొనలేరని, సిలువలోనూ శ్రమలోనూ ఆయన తన్ను కనబరచుకొన్నాడని మార్టిన్ లూథర్ 1518లో హైడెల్‌బర్గ్‌లో వాదించాడు. మన ప్రభువు సిలువమీద దప్పిగొన్నాడు. నన్నెందుకు విడిచావని 22వ కీర్తన మాటలతో కేక వేశాడు. దేవుని కుమారుడే ఆ కేక వేసినందున, ఇక మన కేక ఆయనకు పరాయిది కాదు. లాజరును లేపబోతున్నాడని తెలిసికూడా ముందు కన్నీళ్లు విడిచిన ప్రభువాయన. సృష్టి మూలుగుతున్నదని, మనమూ మూలుగుతున్నామని, మాట రాని మూలుగులతో ఆత్మయే మనకొరకు విజ్ఞాపన చేస్తాడని పౌలు వ్రాశాడు (రోమా 8:22-26). నెర్రెలిచ్చిన పొలం గట్టున మాట రాక కూర్చున్న రైతు ప్రార్థన చేయలేదని ఎవరనగలరు?

సన్నిధికి చేతులు వచ్చినప్పుడు

1876-78లో వచ్చిన ధాత కరువు దక్షిణ దేశాన్ని తుడిచిపెట్టింది. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, 1882లో వేరు జిల్లా అయింది. కరువు కఠినంగా తాకిన ప్రాంతాల్లో ఇదొకటి. అదే కాలంలో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. ఆకలిగొన్నవారికి కూలి దొరికింది. అతని బోధకులే ఆ పనిని చూసుకొన్నారు. అన్నం కోసమే చేరారన్న మాట రాకూడదని కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222మంది బాప్తిస్మం పొందిన సంగతి మనవారందరికీ తెలుసు. దానికి ముందున్న పారా పలుగుల సంగతి అంతగా చెప్పుకోం.

ఈ జిల్లాలోనే ఇంకొక సాక్ష్యం ఉంది. స్పెయిన్ దేశంలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్‌గా ఇండియాకు వచ్చి, 1969లో అనంతపురం చేరాడు. మరుసటి ఏడు ఆ సభను విడిచినా ఈ ప్రజలను విడవలేదు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ద్వారా పేద దళిత కుటుంబాలకు బళ్లు, ఇళ్లు, బావులు, వైద్యం అందించే పనిలో నలభై ఏళ్లు గడిపాడు. 2009 జూన్ 19న కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. వచ్చి, ఉండి, ఈ మట్టిలోనే కలిసిపోయాడు. ఇమ్మానుయేలు అనే పేరుకు అర్థం తెలిసిన ప్రతివాడూ ఈ రకమైన ఉండిపోవడాన్ని గుర్తుపడతాడు.

మన సంఘాలు ఏమి చేయాలి?

మొదటిది, ఆరాధనలో విలాపానికి చోటివ్వండి. కరువు ఏడాదిలో కోత పండుగ జరిపేటప్పుడు, గంప నింపలేనివారు సిగ్గుపడకుండా ఖాళీ గంపనే బల్ల దగ్గరకు తెచ్చే వీలు కల్పించండి. 13, 44, 88 కీర్తనలు బిగ్గరగా చదవండి. వాన కోసం ప్రార్థన మానవద్దు.

రెండవది, పరామర్శకు వెళ్లినప్పుడు యోబు స్నేహితుల మొదటి వారాన్ని అనుసరించండి. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నేలమీద మౌనంగా కూర్చున్నంతవరకు వారు మంచివారే. వివరణ మొదలుపెట్టినప్పుడే చెడిపోయారు. చివరికి దేవుడు వారిని గద్దించాడు (యోబు 42:7).

మూడవది, అప్పు సంగతి మర్యాదగా, ఒంటరిగా అడగండి. మనిషి నలుగురిలోకి రావడం మానితే, బ్రతికి ఏం లాభమంటే, దాన్ని తేలికగా తీసుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం తప్పు కాదు, అది ప్రాణం నిలిపే ప్రశ్న. ఆ రాత్రి అతన్ని ఒంటరిగా విడవవద్దు, పురుగుమందు అందుబాటులో ఉంచవద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా మానసిక వైద్య సలహా దొరుకుతుంది. ఈ నంబరు చర్చి గోడమీద వ్రాయించండి. ఇంటి పెద్దను పోగొట్టుకొన్న కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే సంఘంలో చదువుకొన్నవారు తోడు వెళ్లండి.

నాలుగవది, వలసపోయిన కుటుంబాల పేర్లు ప్రతి ఆదివారం ప్రార్థనలో చదవండి. ఇక్కడ మిగిలిన అవ్వతాతల గడప వారానికొకసారి తొక్కండి. చర్చి బోరులో నీళ్లుంటే కులమతాలు చూడకుండా ఊరందరికీ పట్టుకోనివ్వండి.

చివరిగా, బోరు ఎండిన ఇంటివారితో ఒక మాట. ప్రియులారా, మీకు సాక్ష్యం లేదని అనుకోవద్దు. నీళ్లు పడకపోయినా, అప్పు తీరకపోయినా, ప్రశ్నకు జవాబు రాకపోయినా, ఈ ఆదివారం కూడా వచ్చి దేవుణ్ణి అడుగుతున్నారు చూడండి, అదే మీ సాక్ష్యం. వెనుక వరుసలోంచి లేచి దాన్ని చెప్పండి. సంఘం వింటుంది, వినాలి. మా మధ్యనే ఉన్నావని ఖాళీ కుండల కాలంలో యిర్మీయా ఒప్పుకొన్న ప్రభువు మీ ఇంట నిలిచియుండును గాక. ఆమేన్.