కారుకీ జనానికీ మధ్య

నెల్లూరు నుంచి మద్రాసుకు పాత జీఎన్‌టీ రోడ్డు మీద పోతే గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటాక, మద్రాసు ఇంకో పాతిక కిలోమీటర్లుందనగా షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే ఒకటి అక్కడుంది. యుద్ధం ముగిసి విమానాలు వెళ్లిపోయాయి, కాంక్రీటు మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ కాంక్రీటు మీద కార్లనూ మోటారు సైకిళ్లనూ పరుగెత్తించింది. 1980ల చివరిదాకా దక్షిణాదిలో మోటారు పందెమంటే షోలవరమే. నెల్లూరు కోస్తాకు అసలైన కారు రేసు అంతకంటే దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఇక్కడి నుంచి నూటయాభై కిలోమీటర్లు, బస్సులో ఒక పూట ప్రయాణం.

ఆ పందేల గురించి మాట్లాడేవాళ్లు ఎవరు గెలిచారో, ఏ ఇంజన్ ఎలా గర్జించిందో చెబుతారు. నాకు ముందుగా తెలుసుకోవాలనిపించేది మాత్రం, చూడ్డానికొచ్చిన జనం ఎక్కడ నిలబడ్డారని. విజేతల జాబితా ఎన్ని పుస్తకాల్లోనైనా దొరుకుతుంది. కారుకీ మనిషికీ నడుమ ఎంత ఎడం ఉండాలన్న సంగతి మాత్రం మోటారు పందేల లోకం పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ప్రతి పాఠానికీ ముందు ఎవరో ఒకరు చనిపోయారు.

మొదటి పెద్ద పాఠం 1903 మే 24న. పారిస్ నుంచి మాడ్రిడ్ దాకా మామూలు రోడ్ల మీద పందెం. తెల్లవారుజామున వెర్సాయ్‌లో కార్లు బయలుదేరాయి. తారు ఎరగని రోడ్లు కావడంతో, ముందు కారు లేపిన దుమ్ములో వెనక కారుకు దారి కనిపించలేదు. లక్షల మంది జనం రోడ్డు అంచునే కాదు, రోడ్డు మీదే నిలబడి, కారు దగ్గరికొచ్చాక పక్కకు తప్పుకునేవారు. గంటకు వంద కిలోమీటర్లు దాటిన బండి ఎంత త్వరగా మీదికి వస్తుందో అప్పటికి ఎవరి కంటికీ అలవాటు లేదు, అందరికీ తెలిసింది గుర్రబ్బండి వేగమే. డ్రైవర్లూ మెకానిక్‌లూ చూడవచ్చినవాళ్లూ చనిపోయారు. రెనో సంస్థను నిలబెట్టిన అన్నదమ్ముల్లో ఒకడైన మార్సెల్ రెనో కూడా ఆ పందెంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫ్రెంచి ప్రభుత్వం పందేన్ని బోర్డో దగ్గరే ఆపేసింది. ఇంజన్లు స్టార్ట్ చెయ్యనివ్వలేదు. కార్లను గుర్రాలతో రైల్వే స్టేషన్‌కు లాగించి, రైలెక్కించి వెనక్కి పంపించింది.

ఊరి నుంచి ఊరికి పరుగెత్తే పందేలకు అక్కడితో దాదాపు తెరపడింది. వాటి స్థానంలో ఒకే దారిని చుట్టి వచ్చే సర్క్యూట్లు వచ్చాయి. ఇటలీ మాత్రం పాత పద్ధతిని వదల్లేదు. బ్రెషియా నుంచి రోమ్‌కు వెళ్లి తిరిగి వచ్చే పదహారు వందల కిలోమీటర్ల మిల్లె మిల్యాను 1927లో మొదలుపెట్టింది. ఆ పందెం సంగతి తర్వాత చెబుతాను.

లె మాన్ పందెం 1923 మే నెలలో మొదలైంది. ఫ్రాన్స్‌లో సార్త్ ప్రాంతపు పల్లె రోడ్లను కలిపి దారి వేశారు. ఇరవై నాలుగు గంటలు ఆగకుండా నడపాలి, ఎక్కువ దూరం వెళ్లినవాడిది గెలుపు. దీని వెనక ఉద్దేశం మంచిదే. జనం కొనుక్కునే కార్ల హెడ్‌లైట్లు, బ్రేకులు, స్టార్టర్లు రాత్రనకా పగలనకా నిలబడతాయో లేదో తేల్చుకోవడానికి అదొక పరీక్ష. తొలి ఏడాది షెనార్ వాకర్ కారులో లగాష్, లెయొనార్ రెండు వేల రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు నడిపి అందరికంటే ముందు నిలిచారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో కార్ల వేగం రెండింతలు దాటింది, రోడ్డు మాత్రం ఎక్కువ మారలేదు. కార్లు ఆగి పెట్రోలు పోసుకునే పిట్‌లకూ, పరుగెత్తే రోడ్డుకూ మధ్య గోడ లేదు. అవతలి వైపు జనానికీ రోడ్డుకూ మధ్య ఓ మట్టికట్ట, అంతే.

1955 జూన్ 11న ఏం జరిగిందో అర్థం కావాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లి పియర్ లెవె అనే మనిషిని చూడాలి. 1952లో తన టాల్బో కారును స్టీరింగ్ ఎవరికీ అప్పగించకుండా అతనొక్కడే నడిపాడు. రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా అతనిదే ఆధిక్యం. ఇంకో గంట పైచిలుకు మిగిలి ఉండగా ఇంజన్ పోయింది. గెలుపు మెర్సిడెస్‌కు దక్కింది. అంత పట్టుదల గల మనిషిని మెర్సిడెస్ జట్టు 1955లో తన దగ్గరికే పిలిపించుకుంది. అప్పటికి అతని వయసు నలభై తొమ్మిది.

ఆ ఏడాది పోటీ ప్రధానంగా రెండు కంపెనీల మధ్య. జాగ్వార్ కార్లకు కొత్తరకం డిస్క్ బ్రేకులున్నాయి, మెర్సిడెస్ కార్లకు పాత డ్రమ్ బ్రేకులు. ఆ లోటు తీర్చడానికి మెర్సిడెస్ వాళ్లు డ్రైవర్ వీపు వెనక పైకి లేచి గాలిని అడ్డగించే పెద్ద రేకు అమర్చారు. పక్కపక్కన పరుగెత్తే బండ్లు ఒక్కొక్కటి ఒక్కో దూరంలో ఆగే పరిస్థితి. కార్లన్నిటికీ ఒకే ఇరుకు రోడ్డు. సాయంత్రం నాలుగుకు పందెం మొదలైంది. మొదటి రెండు గంటలు మైక్ హాథార్న్ జాగ్వార్, ఫాంజియో మెర్సిడెస్ ఒకదాన్నొకటి తరుముకుంటూ రికార్డు మీద రికార్డు కొట్టాయి.

ఆరున్నర కావస్తుండగా హాథార్న్‌కు పిట్‌లోకి రమ్మని సైగ అందింది. అతను లాన్స్ మాక్లిన్ నడుపుతున్న ఆస్టిన్ హీలీని దాటి, కుడివైపున్న పిట్‌లో ఆగడానికి బ్రేకు వేశాడు. జాగ్వార్ డిస్క్ బ్రేకులు పట్టినంత గట్టిగా హీలీ బ్రేకులు పట్టలేదు. మాక్లిన్ ఎడమకు తప్పించాడు. ఆ ఎడమ పక్కన వెనకనుంచి గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది లెవె. అతని వెనకనే ఫాంజియో. లెవె చెయ్యి పైకెత్తి తనను హెచ్చరించాడనీ, ఆ సైగే తనను కాపాడిందనీ ఫాంజియో తర్వాత చెప్పుకున్నాడు. లెవె కారు, ఏటవాలుగా ఉన్న హీలీ వెనక భాగం మీదికెక్కి గాల్లోకి లేచింది. మట్టికట్టకు కొట్టుకుని ముక్కలైంది. ఇంజన్, ముందు ఇరుసు, బానెట్ వేరువేరుగా ఊడి జనంలోకి దూసుకెళ్లాయి. బరువు తగ్గుతుందని కారు ఒంటిని మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేశారు. అది అంటుకుంటే నీళ్లకు ఆరదు, ఇంకా మండుతుంది. మంటలు గంటల తరబడి ఆరలేదు. లెవెతో పాటు ఎనభై మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. గాయపడ్డవాళ్లు వందకు పైనే. మోటారు పందేల చరిత్రలో ఇంత పెద్ద ప్రమాదం మరొకటి లేదు.

పందెం ఆగలేదు. ఆపితే రెండు లక్షలకు పైబడిన జనం ఒక్కసారిగా రోడ్లెక్కుతారనీ, అంబులెన్సులకు దారి దొరకదనీ నిర్వాహకులు వాదించారు. ఈ వాదనను కొట్టిపారెయ్యలేం. మన తిరునాళ్లలో, పుష్కరాల్లో జనం ఒకే దారిన కదిలితే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. కానీ ఒక పక్క శవాలను మోస్తుంటే మరో పక్క కార్లు చుట్లు తిరగడాన్ని ఆ వాదనతో ఒప్పుకోవడం నా వల్ల కాదు. లెవెతో స్టీరింగ్ పంచుకోవాల్సిన అమెరికన్ జాన్ ఫిచ్ జట్టును వెనక్కి తీసుకోవాలని గట్టిగా పట్టుబట్టాడు. స్టట్‌గార్ట్‌లోని కంపెనీ పెద్దల నుంచి అనుమతి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటికి ముందంజలో ఉన్న ఫాంజియో, మాస్ కారుతో సహా మెర్సిడెస్ బండ్లన్నీ పందెంలోంచి తప్పుకున్నాయి. మర్నాడు హాథార్న్, బ్యూబ్ గెలిచారు.

విచారణలో ఏ ఒక్క డ్రైవర్‌నూ తప్పుపట్టలేదు. నాకు అది సరైన తీర్పే అనిపిస్తుంది. దోషం రోడ్డుది. ఆ వేగాలకు పనికిరాని రోడ్డు మీద, ఆగే బండీ పరుగెత్తే బండీ ఒకే దారిలో ఉండగా, మట్టికట్ట వెనక జనాన్ని నిలబెట్టిన ఏర్పాటుది. మరుసటి ఏడాదికి పిట్‌లను వెనక్కి జరిపారు, వాటి ముందరి మలుపును సరిచేశారు, గ్యాలరీలను కొత్తగా కట్టారు. 1955లోనే ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, స్పెయిన్ గ్రాండ్ ప్రీలు రద్దయ్యాయి. స్విట్జర్లాండ్ 1958 చట్టంలో సర్క్యూట్ పందేలనే నిషేధించింది. ఆ చట్టం 2018లో జ్యూరిక్‌లో కరెంటు కార్ల రేసుకు మినహాయింపు ఇచ్చేదాకా సడలలేదు. మెర్సిడెస్ 1955 చివర్లో పందేల నుంచి తప్పుకుని, దశాబ్దాల తర్వాత గానీ తిరిగి రాలేదు. ఫిచ్ చేసిన పని మాత్రం అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది. ఇసుక నింపిన ప్లాస్టిక్ పీపాలను వరసగా పేర్చి, గుద్దిన కారు వేగాన్ని కొద్దికొద్దిగా మింగేసే అడ్డును కనిపెట్టాడు. అమెరికా హైవేల మీద దాన్ని ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు.

లె మాన్ తర్వాత కూడా ఇటలీ వాళ్లు మిల్లె మిల్యా ఆపలేదు. 1957 మే 12న, పందెం ముగింపుకు వస్తుండగా, గ్విదిజోలో దగ్గర పోర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పేలింది. అతనూ, పక్కన కూర్చున్న సహచరుడూ, రోడ్డు పక్కన నిలబడ్డ తొమ్మిది మందీ చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలు. ఎన్జో ఫెరారీ మీద కేసు పెట్టారు. 1961లో గానీ ఆయన నిర్దోషిగా బయటపడలేదు. రోడ్డు పందెంగా మిల్లె మిల్యా అక్కడితో ముగిసింది.

ఇక లె మాన్‌లో ఒక పాత ఆచారం మిగిలింది. డ్రైవర్లు రోడ్డుకు అటువైపు నిలబడి, జెండా ఊపగానే పరుగెత్తుకొచ్చి కార్లెక్కేవారు. సీటు బెల్టు పెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. 1969లో జాకీ ఇక్స్ దీనికి నిరసనగా నింపాదిగా నడిచి వెళ్లి, బెల్టు బిగించుకుని, అందరి వెనక బయలుదేరాడు. ఆ మొదటి చుట్టులోనే జాన్ వూల్ఫ్ ప్రమాదంలో చనిపోయాడు. మర్నాడు పందెం గెలిచింది ఇక్సే. ఆ మరుసటి ఏడాది నుంచి పరుగెత్తే ఆచారం పోయింది.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే షోలవరంలో మన వాళ్లు పందేలు ఆడారు. ఫియట్లు, హెరాల్డ్‌లు, ఇంటి షెడ్డుల్లో విప్పి కూర్చిన బండ్లు, మహారాజులు దిగుమతి చేసుకున్న కార్లు అన్నీ ఒకే రన్‌వే మీద పరుగెత్తాయి. రన్‌వే మీద పందెంలో ఒక సౌకర్యం ఉంది. చెట్లుండవు, ఇళ్లుండవు, బండి అదుపు తప్పితే జారడానికి చోటుంటుంది. యుద్ధం తర్వాత ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ కూడా విమానాల మైదానంలోనే మొదలైంది. కానీ జనాన్ని ఎక్కడ ఆపాలన్నది రన్‌వే చెప్పదు. దాన్ని ఎవరో ఒకరు గీత గీసి నిర్ణయించాలి, ఆ గీత దాటనివ్వకుండా కాపలా కాయాలి.

షోలవరం తరం ఇచ్చిన గొప్ప కానుక కోయంబత్తూరు నుంచి వచ్చింది. అక్కడ తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు నాయుడు కుటుంబాల్లో లక్ష్మీ మిల్స్ కుప్పుస్వామి నాయుడిది ఒకటి. ఆ ఇంటి బిడ్డ ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు రేసు కారు తయారుచేసి, మధ్య తరగతి కుర్రాళ్లకు అందుబాటులోకి తెచ్చాడు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. అతను వేసిన దారిలోనే ఆ తర్వాతి తరం కుర్రాళ్లు పైకి వచ్చారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేల కోసమే కట్టిన ట్రాక్ తెరిచాక షోలవరం మూగబోయింది. 2009లో కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ లె మాన్ దాకా వెళ్లాడు గానీ, పందేనికి ముందు భుజానికి దెబ్బ తగిలి నడపలేకపోయాడు. 2012లో మద్రాసు కుర్రాడు కరుణ్ చందోక్ నడిపి, జట్టుతో కలిసి ఆరో స్థానంలో ముగించాడు. అతని తాత ఇందు చందోక్ మద్రాసు క్లబ్బు స్థాపకుల్లో ఒకరు.

ట్రాక్ కట్టినంత మాత్రాన అంతా అయిపోలేదు. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ జరుగుతుండగా, మూసివేసిన దారిలోకి మోటారు సైకిల్ మీద వచ్చిన కుటుంబాన్ని పోటీ కారు ఢీకొంది. ముగ్గురు చనిపోయారు. 1903 నాటి పారిస్ రోడ్డుకూ ఆ రోడ్డుకూ తేడా చెప్పమంటే నాకు కష్టం. మూసిన రోడ్డు అంటే కాగితం మీద మూసిన రోడ్డు అని అనుకోవడం రెండు చోట్లా ఒకటే. 2023లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదే జనవరిలో ఒక సీనియర్ డ్రైవర్, ఆగస్టులో మోటారు సైకిల్ పోటీలో పదమూడేళ్ల కుర్రాడు చనిపోయారు. పదమూడేళ్ల పిల్లాడి చేతికి అంత వేగాన్ని ఎందుకు ఇవ్వాలని అడగాల్సింది మనమే.

తెలుగు నేల మీద మొదటి ప్రపంచ స్థాయి మోటారు పందెం 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు, సచివాలయం పరిసరాలను కలిపి, కాంక్రీటు దిమ్మెలతో, ఇనుప వలలతో మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ ట్రాక్ కట్టారు. పరుగెత్తినవి చప్పుడు తక్కువ కరెంటు కార్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ముందు రోజు మాత్రం ఊరి బండ్లు కొన్ని తెలియక ట్రాక్ మీదికే వచ్చేశాయి. దిమ్మెలు గట్టివే, వాటి మధ్య ఖాళీలను ఎప్పుడు మూయాలో చెప్పే మనుషుల దగ్గరే లోపం. మర్నాడు పందెం ప్రమాదం లేకుండా ముగిసింది, కానీ ఆ సంగతిని నవ్వుకుని వదిలెయ్యకూడదు. రెండో ఏడాది హైదరాబాద్ పందెం రద్దయింది.

2023 డిసెంబరులో చెన్నై నడిబొడ్డున రాత్రి పూట వీధి పందెం పెట్టాలనుకున్నారు. మన నెల్లూరు తీరాన్ని వానతో ముంచి బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానే ఆ పందేన్నీ వాయిదా వేయించింది. చివరికి 2024 ఆగస్టు 31న మెరీనాకు దగ్గర్లో, ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల ట్రాక్ సిద్ధమైంది. ఆ రోజూ వానే. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ ట్రాక్‌ను పరిశీలించి ధ్రువపత్రం ఇస్తేనే పందెం నడపాలని మద్రాసు హైకోర్టు షరతు పెట్టింది. తడిసిన రోడ్డు మీద పరిశీలన సాగుతూ ఉంది, కోర్టు గడువు పొడిగించింది, టికెట్లు కొన్న జనం గ్యాలరీల్లో ఎదురుచూశారు. ఆ కాగితం వచ్చేదాకా ఒక్క కారూ పిట్ దాటలేదు.